కిలోమీటర్ల లెక్క ఇవ్వు, దారుల లెక్క ఎందుకు?

చిరంజీవి సౌమ్యకు,

అత్త ఆశీస్సులు. లైసెన్సు వచ్చిందన్నావు, సంతోషం. ఇన్సూరెన్సు ప్రీమియం చూసి గుండె ఆగినంత పనయిందన్నావు, అదీ మామూలే. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లు ఎక్కువ యాక్సిడెంట్లు చేస్తారని కంపెనీల లెక్క. నువ్వెంత నిదానస్తురాలివో వాళ్లకేం తెలుసు, నీ వయసు తప్ప? అందుకే ఎంత తిరిగితే అంత కట్టే పాలసీ నీ మనసుకు పట్టింది. నాకూ నచ్చింది. వారానికోసారి బయటికి తీసే కారుకూ, పొద్దస్తమానం రోడ్డు మీదుండే కారుకూ ఒకే ప్రీమియం ఏమిటని ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిముల సెక్షన్‌లో ఉన్నన్నాళ్లూ అనుకుంటూనే ఉండేదాన్ని. మన దేశంలో కూడా 2022 జులైలో ఇన్సూరెన్సు కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ దీనికి దారి తెరిచింది. అయితే సొంత కారుకు జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియానికే ఇది వర్తిస్తుంది, మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియానికి కాదు.

కాకపోతే నువ్వు పంపిన అంగీకార పత్రం చదివాక కాస్త ఆగమని చెప్పాలనిపించింది. పైన పెద్దక్షరాల్లో 'మీ కిలోమీటర్లకే చెల్లించండి' అని ఉంది. లోపల నాలుగో పేజీలో లొకేషన్, వేగం, బ్రేకులు, ఫోను వాడకం, చివర్లో 'మా భాగస్వామ్య సంస్థలు' అని ఒక ముక్క. ఒకే సంతకంతో రెండు బేరాలు కుదిర్చేశారమ్మాయీ. ఎంత తిరిగావన్నది ఒక బేరం, ఎక్కడ తిరిగావు, ఎలా నడిపావన్నది ఇంకో బేరం.

ఎంత తిరిగావో తెలియడానికి శాటిలైటు అక్కర్లేదు. కారు మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే ఓడోమీటరు డ్యాష్‌బోర్డులోనే ఉంది. పాలసీ మొదట్లో ఒక ఫోటో, చివర్లో ఒక ఫోటో, తీసివేత చేస్తే సరిపోయె. అలా అడిగే కంపెనీలూ ఉన్నాయి. స్టీరింగ్ కింద మెకానిక్కులు కారు లోపాలు చూసుకునే సాకెట్ ఉంటుంది, ఓబీడీ పోర్టు అంటారు. దానికి చిన్న పరికరం తగిలించినా అది కారు కంప్యూటరు నుంచే వేగం చదివి దూరం లెక్కగట్టగలదు. ఫోను యాప్‌తో దూరం కొలిస్తే మటుకు మామూలుగా జీపీఎస్ కావాలి. కొత్త కార్లలో చాలావాటికి లోపలే సిమ్ ఉంటుంది, అదెప్పుడు మాట్లాడుతోందో మనకు తెలియనే తెలియదు. కాలిఫోర్నియాలో ఈ తేడాను నిబంధనల్లోనే రాసుకున్నారు. కిలోమీటర్లు సరిచూసుకోవడానికి కంపెనీ పరికరం పెట్టవచ్చు గానీ ఆ పేరుతో కారు ఎక్కడెక్కడికి వెళ్లిందో పోగు చేయకూడదు. అంటే లొకేషన్ లేకుండానే పని జరుగుతుందన్నమాట. కాబట్టి 'మాకు తప్పదు' అని ఎవరైనా అంటే నమ్మకు.

"నేనేం తప్పు చేస్తున్నాను, చూస్తే చూడనీ" అంటావని తెలుసు. తప్పు సంగతి కాదు. రాత్రి కారు ఆగే చోటు నీ ఇల్లు, పగలు ఆగేది ఆఫీసు. ప్రతి మంగళవారం గంటసేపు ఒక ఆసుపత్రి ముందు ఆగితే నీ ఆరోగ్యం గురించి ఎవరో ఏదో అనుకుంటారు. ఉద్యోగం మారాలని ఇంటర్వ్యూకి వెళ్లినా అందులో పడుతుంది. ఇవన్నీ నువ్వు ఎవరికీ చెప్పనివి.

అమెరికాలో ఏం జరిగిందో చూడు. జనరల్ మోటార్స్ వాళ్ల కార్లలో నడిపే తీరును నమోదు చేసే 'స్మార్ట్ డ్రైవర్' అని ఒక సదుపాయం ఉండేది. ఆ సమాచారం డేటా సంస్థల ద్వారా ఇన్సూరెన్సు కంపెనీలకు చేరుతోందని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ప్రీమియం ఎందుకు పెరిగిందో తెలియని ఒక కారు యజమాని తన రికార్డు తెప్పించుకుంటే, ఆరు నెలల్లో 640 ప్రయాణాలు నమోదై ఉన్నాయి. ఎప్పుడు బయలుదేరారు, ఎప్పుడు ఆగారు, ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు వేశారు, అన్నీ ఉన్నాయి. దారులు అందులో లేకపోయినా అంత కథ ఉంది. 2025 జనవరిలో అక్కడ వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కల్పించుకుని, జనరల్ మోటార్స్ అలాంటి డేటా సంస్థలకు ఆ సమాచారం ఇవ్వకుండా ఐదేళ్ల నిషేధం ప్రతిపాదించింది. నీ పత్రంలోని 'భాగస్వామ్య సంస్థలు' అన్న మాట చూసి నేను ఉలిక్కిపడింది అందుకే.

ఇక స్కోరు, అంటే ఎలా నడుపుతున్నావో చూసి యాప్ వేసే మార్కులు. అదొక తలనొప్పి. నేనూ సరదాకి ఒక కంపెనీ యాప్ పెట్టుకుని మూడు నెలలు చూశాను. ఒక ఆదివారం సాయంత్రానికి నా స్కోరు ఢమాలున పడిపోయింది. నేను ఆ రోజు స్టీరింగ్ ముట్టుకోలేదు, పక్క సీట్లో కూర్చున్నాను. నడిపింది మీ నాన్న! యాప్‌కి ఫోను కదలడమే తెలుసు, ఎవరు నడుపుతున్నారో ఏం తెలుసు? ఆ ప్రయాణంలో నేను డ్రైవర్ని కానని చేత్తో మార్చాలట, రెండు రోజుల్లోపే మార్చాలట. నువ్వు స్నేహితుల కారెక్కినా, బస్సెక్కినా ఇదే గొడవ. రాత్రి పూట నడిపితే మార్కులు తగ్గించే కంపెనీలు ఉన్నాయి, నైట్ షిఫ్టు చేసేవాళ్లు ఏం కావాలో మరి. నువ్వు ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. స్కోరు పోతుందని బ్రేకు తొక్కడానికి వెనకాడకు. పోతే పోనీ, తొక్కెయ్.

సంతకం పెట్టే ముందు ఫోన్లో కాదు, మెయిల్లో అడుగు. ఓడోమీటరు ఫోటోతో సరిపెట్టే పాలసీ ఉందా? లొకేషన్ తీసుకుంటే ఎన్నాళ్లు దాస్తారు, ఎవరికిస్తారు? యాక్సిడెంటు జరిగితే ఆ రికార్డు నీ క్లెయిముకు వ్యతిరేకంగా వాడతారా? మధ్యలో మానేస్తే పాత రికార్డు చెరిపేస్తారా? స్కోరు బాగా లేకపోతే డిస్కౌంటు రాకుండా పోతుందా, లేక ప్రీమియమే పెరుగుతుందా? ఈ చివరి ప్రశ్నకు చాలామంది నీళ్లు నములుతారు, వదలకు. జవాబు రాతలో రాకపోతే ఆ పాలసీ వద్దు. కారు కొనేటప్పుడు షోరూమ్‌లో ఒప్పుకున్న 'కనెక్టెడ్ సర్వీసెస్' (కారు తన సమాచారాన్ని ఇంటర్నెట్లో కంపెనీకి పంపే సదుపాయం) సెట్టింగులు కూడా ఒకసారి తెరిచి చూడు. కిలోమీటర్లు మాత్రం ఉన్నదున్నట్టే చెప్పు. తక్కువ చేసి చెప్పిన అంకె క్లెయిము రోజున ఎలా అడ్డం తిరుగుతుందో నా సర్వీసులో చాలాసార్లు చూశాను.

ఇంకో సంగతి. పాలసీ మీ నాన్న పేరున ఉంటే యాప్ లాగిన్ కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. కంపెనీ చూస్తుందో లేదో గానీ, ఆయన మాత్రం రాత్రి పది దాటితే మ్యాప్ మీద నీ చుక్కను చూస్తూ కూర్చుంటాడు. బెంగ కొద్దీనే అనుకో. అయినా ఆ మాట ముందే మాట్లాడుకోవాలి, చాటుగా చూడడం వద్దు. నువ్వు అడగలేకపోతే నేనడుగుతాను. ఆ ఆదివారం నాటి నా స్కోరు స్క్రీన్‌షాట్ ఇంకా నా ఫోన్లోనే ఉంది.

ఇట్లు,
మీ అత్త