జెర్సీ విప్పాడని నెల జీతం కోశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా తమ్ముడు ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్‌లో ఆడుతున్నాడు. నాన్న పోయిన నెలలోపే జరిగిన మ్యాచ్‌లో గోల్ కొట్టి, జెర్సీ విప్పి, బనియన్ మీద అచ్చు వేయించుకున్న నాన్న ఫోటో చూపించాడు. ఎల్లో కార్డు ఇచ్చారు. కిట్ రూల్స్ తప్పాడని క్లబ్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి నెల జీతం కోసేసింది. ఆ బనియన్ బీరువాలో దాచాం. కాంట్రాక్టు కాపీ మా దగ్గర లేదు. తండ్రి మీద ప్రేమ చూపడం నేరమా? హైకోర్టులో రిట్ వేయాలా, క్లబ్ వదిలి వచ్చేయమనాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎల్లో కార్డు సంగతి వదిలేయండి. గోల్ కొట్టి జెర్సీ విప్పితే, కారణం ఏదైనా రెఫరీ కార్డు చూపాల్సిందే. లోపలి బనియన్ మీద వ్యక్తిగత బొమ్మలు, నినాదాలు చూపకూడదన్న నియమం వేరే ఉంది. 2020 నవంబరులో మారడోనా పోయిన నాలుగు రోజులకే మెస్సీ జెర్సీ విప్పి, లోపల వేసుకున్న మారడోనా పాత క్లబ్ చొక్కా చూపాడు. ఆయనకూ కార్డు పడింది, స్పెయిన్ ఫెడరేషన్ 600 యూరోల జరిమానా కూడా వేసింది.

మీ కేసు తేలేది ఒక్కచోటే. ఈ తప్పుకు ఇంత కోత అని కాంట్రాక్టులోనో, దానికి జతచేసిన క్రమశిక్షణ నియమాల్లోనో ఉందా? లేకపోతే క్లబ్ తన ఇష్టానికి జీతం పట్టుకోకూడదు. ఉన్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం పైపరిమితి మాత్రమే. సబబైన పరిహారానికి మించి రాబట్టుకోలేరు. సంజాయిషీ అడగకుండానే కోసి ఉంటే అది మీకు అదనపు బలం.

బతుకుతెరువుకు సంబంధించిన కాగితం మీద సంతకం పెట్టి, కాపీ తీసుకోకుండా వచ్చేయడం ఏమిటమ్మా? బనియన్ కంటే ముందు బీరువాలో ఉండాల్సింది ఆ కాంట్రాక్టు.

రిట్ అంటే ప్రధానంగా ప్రభుత్వం, ప్రభుత్వ సంస్థల మీద హైకోర్టులో వేసే పిటిషన్. ప్రైవేటు క్లబ్‌తో జీతం తగాదాకు అది నిలవదు. ఇక క్లబ్ వదిలి వచ్చే ఆలోచన పొరపాటున కూడా చేయనివ్వకండి. ఫిఫా నియమాల ప్రకారం కనీసం రెండు నెలల జీతం బాకీపడి, 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చాకే ఆ కారణంతో కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఒక నెల కోత చూపించి వచ్చేస్తే ఎదురు పరిహారం మీ తమ్ముడే కట్టాలి, నెలల తరబడి ఆటకు దూరం కావాల్సి రావచ్చు. ప్రాక్టీసుకు ఒక్క పూట కూడా ఎగ్గొట్టవద్దని చెప్పండి.

జీతం బాకీ దావాకు మూడేళ్ల గడువుంది కదా అని కూర్చోకండి. ఇలాంటి కాంట్రాక్టుల్లో తగాదాలు ఫుట్‌బాల్ ఫెడరేషన్ కమిటీకో, ఆర్బిట్రేషన్‌కో (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) వెళ్లాలన్న షరతు మామూలుగా ఉంటుంది. అక్కడ అప్పీలుకు కొద్ది రోజులే ఇచ్చి ఉండవచ్చు.

ఈ వారమే మీ తమ్ముడి చేత క్లబ్‌కు ఈమెయిల్ పెట్టించండి: కోతకు ఒప్పుకోవడం లేదని, కాంట్రాక్టు కాపీ, ఏ నియమం కింద కోశారో ఆ నియమం, నిర్ణయం తాలూకు ఉత్తర్వు పంపమని. జీతం పడే ఖాతా స్టేట్‌మెంటు తీసి పెట్టండి. వాట్సాప్ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. దాన్ని సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) కావాలి. కాంట్రాక్టు చేతికి రాగానే తగాదాల షరతు, అప్పీలు గడువు చూసుకుని, ఆ గడువు లోపలే అందులో చెప్పిన కమిటీ ముందు ఫిర్యాదు వేయండి.