ఒక్క మెతుకుతో తేలేది కాదు

విజయనగరం,
2025 నవంబరు 23.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మంగళవారం రాత్రి ఢాకాలో ఆసియా కప్ అర్హత ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసిన పావుగంటకే నువ్వు ఫోను చేశావు. బంగ్లాదేశ్ చేతిలో 0-1. ఇరవై రెండేళ్ల తర్వాత వాళ్లకు మనం ఓడిపోయాం. నీ గొంతు పూడుకుపోయింది. "అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు మామయ్యా. ఈ కోచ్ సంగతి తేలిపోయింది" అన్నావు. అప్పుడు నీతో వాదించే ఓపిక నాకు లేదు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. నాలుగు రోజులు ఆగి, మనసు కుదుటపడ్డాక రాస్తున్నాను.

నువ్వు మామూలు అభిమానివైతే ఇంత రాయను. ఆమదాలవలసలో బడి పిల్లలకు ఆటలు నేర్పే ఉద్యోగంలో చేరావు. నీ వెనక కూర్చుని మ్యాచ్ చూసే పిల్లలు మర్నాడు మైదానంలో నీ మాటే అప్పజెబుతారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఉద్యోగమే చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, మనం కోపంలో అన్న మాటలే వాళ్లకు ముందు అబ్బుతాయి.

ఆ సామెతను నేను కాదనను. కానీ ఒక గిన్నెలోని మెతుకులన్నింటికీ బియ్యం ఒకటే, ఎసరు ఒకటే, మంట ఒకటే. అందుకే ఒకటి పట్టి చూస్తే సరిపోతుంది. ఫుట్‌బాల్‌లో ప్రతి మ్యాచ్‌కూ పొయ్యి మారుతుంది. ఎదుటి జట్టు వేరు, ఊరు వేరు, మనవైపు దిగిన పదకొండు మందీ వేరు. ఆగస్టు చివర్లో మన కోచ్‌గా ఖాలిద్ జమీల్ తొలి మ్యాచ్ గుర్తుందా? తజికిస్తాన్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించాం. ఆ రాత్రి కూడా నువ్వు ఫోను చేసి "ఇన్నాళ్లకు సరైనవాడు దొరికాడు" అన్నావు. అప్పుడూ ఒక్క మెతుకే పట్టి చూశావు అల్లుడూ. మూడు నెలల్లో ఒకే మనిషిని నెత్తిన పెట్టుకుని, మళ్లీ నేలకేసి కొట్టావు. ఈ మధ్యలో అతను మారలేదు. మారిందల్లా మ్యాచ్ ఫలితం.

ఆ తజికిస్తాన్ మ్యాచ్‌నే కాస్త దగ్గరగా చూద్దాం. మన గోల్స్ కొట్టింది ఎవరు? అన్వర్ అలీ, సందేశ్ ఝింగన్. ఇద్దరూ డిఫెండర్లే. రెండో సగంలో వాళ్లకు దొరికిన పెనాల్టీని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపకపోతే ఆ గెలుపు కూడా లేదు. తర్వాత అదే టోర్నీలో ఒమన్‌తో మూడో స్థానం కోసం ఆడాం. ర్యాంకుల్లో మనకన్నా ఎంతో పైనున్న జట్టు. 1-1 దగ్గర నిలబడి పెనాల్టీలలో గెలిచాం. అక్కడ కూడా మన ఆశంతా ఉవైస్ విసిరే పొడవాటి త్రోల మీదే. అవి గోలు ముందు పడ్డప్పుడల్లా మనకు ప్రాణం లేచి వచ్చేది. నేను అప్పుడే నా పుస్తకంలో రాసుకున్నాను: "కట్టుబాటు వచ్చింది. పోరాటం వచ్చింది. బంతిని పాసులతో ముందుకు తీసుకెళ్లి గోలు కొట్టడం ఇంకా రాలేదు." గెలిచిన రాత్రి రాసుకున్న మాట అది. ఢాకాలో ఓడిన రాత్రి కూడా ఇంచుమించు అదే రాశాను. గెలిచినా ఓడినా ఒకే మాట రాయవలసి వచ్చిందంటే జట్టు అసలు లోపం అదేనన్నమాట.

ఈ పుస్తకం సంగతి నీకు చెప్పాలి, ఎందుకంటే నువ్వూ ఇలాంటిది పెట్టుకోవాలని నా కోరిక. గంటస్తంభం దగ్గర కొన్న మామూలు గీతల నోటు పుస్తకం. మ్యాచ్‌కు ఒక పేజీ. పైన ఎదుటి జట్టు, ఊరు, మనవాళ్లు కలిసి సాధన చేసిన రోజులు రాస్తాను. కింద మైదానం బొమ్మ గీసి, మనవాళ్లు బంతి పోగొట్టుకున్న ప్రతిచోటా ఒక చుక్క పెడతాను. అరగంట గడిచేసరికి చుక్కలు ఎక్కడ గుంపు కట్టాయో చూస్తే ఆట నడక అర్థమవుతుంది. మన గోలు దగ్గరే గుంపు కడితే బంతిని బయటకు తీయడమే రావడం లేదని అర్థం. ఎదుటివాళ్ల పెనాల్టీ బాక్సు అంచున గుంపు కడితే అక్కడిదాకా వెళుతున్నారు, చివరి పాసు కుదరడం లేదని అర్థం. రెండూ 0-0గానే ముగియవచ్చు. రెండోది మాత్రం ఎదుగుదల. స్కోరు ఒక్కటే చూసేవాడికి ఈ తేడా ఎన్నటికీ కనబడదు.

నీ ఊరి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తింది. ఆ అంకె మీద వాదన లేదు. కడ్డీకి ఎంత బరువు వేశారో అంతే, ఎత్తితే ఎత్తినట్టు, లేదంటే లేదు. మన జిల్లాల వాళ్లం బరువులెత్తే ఆటను చూస్తూ పెరిగాం కాబట్టి అంకెను నమ్మడం మనకు అలవాటైంది. ఫుట్‌బాల్‌లో అంకె అంత నిజం చెప్పదు.

అక్టోబరులో సింగపూర్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లే తీసుకో. సిరిమానోత్సవం అయిన రెండో రోజు, 9వ తేదీన, సింగపూర్‌లో 1-1. చూసినవాళ్లు పెదవి విరిచారు. కానీ రెండో సగం మొదట్లోనే ఝింగన్‌కు రెడ్ కార్డు పడింది. నలభై నిమిషాలకు పైగా పది మందితో, పరాయి గడ్డ మీద, ఒక గోలు వెనకబడి ఆడి, 90వ నిమిషంలో రహీమ్ అలీ గోలుతో సమం చేశారు. ఆ డ్రా నా లెక్కలో మార్చిలో మాల్దీవులపై సాధించిన 3-0 గెలుపు కన్నా పెద్దది. ఐదు రోజుల తర్వాత మడ్గావ్‌లో 1-2. ఛాంగ్టే గోలుతో ముందంజ వేశాం. విరామానికి కాస్త ముందు ఒకటి, విరామం అయిన పావుగంట లోపే మరొకటి ఇచ్చేశాం. ఆ తర్వాత సొంత ప్రేక్షకుల ముందు అరగంటకు పైగా సమయం ఉండి కూడా మరో గోలు కొట్టలేకపోయాం. ఇక్కడ కోచ్‌ను గట్టిగా నిలదీయాలి. ఆధిక్యంలో ఉన్నప్పుడు జట్టును ఎలా నిలబెట్టాడు? వెనకబడ్డాక ఎవరిని, ఎందుకు, ఏ నిమిషంలో మార్చాడు? ఇవి అడగవలసిన ప్రశ్నలు. ఆ ఓటమితోనే 2027 ఆసియా కప్ మనకు దూరమైంది. గ్రూపులో ర్యాంకు ప్రకారం మనమే ముందున్నాం కాబట్టి ఎదుటి జట్లు బలమైనవన్న సాకు కూడా లేదు. ఖాలిద్‌ను వెనకేసుకు రావడానికి ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోకు.

అయితే అతని చేతికి ఏం వచ్చిందో కూడా చూడాలి. అతను ఆగస్టులో బాధ్యత తీసుకునేసరికే ఈ అర్హత పోటీల్లో రెండు మ్యాచ్‌లు అయిపోయాయి, చేతిలో ఒక్క పాయింటు. అంతకుముందున్న కోచ్ మనోలో మార్కెజ్ ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటి గెలిచాడు, అది మాల్దీవుల మీద. షిల్లాంగ్‌లో ఆ గెలుపుకు మనం పండగ చేసుకున్నాం. ఆరు రోజులకు అదే మైదానంలో బంగ్లాదేశ్‌తో 0-0. గోలు కొట్టేవాడు లేక నలభై ఏళ్ల సునీల్ ఛెత్రీని వీడ్కోలు నుంచి వెనక్కి పిలవవలసి వచ్చింది. క్లబ్బుల్లో ముందు వరుస చాలావరకు విదేశీయులది. ఈ ఏడాది లీగ్ సకాలంలో మొదలే కాలేదు. ఆటగాళ్లు వారం వారం ఆడకుండా ఉంటే ఏ కోచ్ మాత్రం కాళ్లకు పదును పెట్టగలడు? కోచ్ తప్పు వేరు, వ్యవస్థ తప్పు వేరు. రెండింటినీ ఒకే మూటగా కట్టి ఒకడి నెత్తిన పెడితే, వాణ్ని మార్చిన మర్నాడు మూట అక్కడే ఉంటుంది. ఇన్నేళ్లుగా మనం చూస్తున్నది ఇదే.

సొంతగడ్డ మీద గెలుపుల్ని కూడా జాగ్రత్తగా తూచు. 2023లో ఇంఫాల్, భువనేశ్వర్, బెంగళూరులలో వరసగా మూడు కప్పులు గెలిచి, ర్యాంకు 99కి చేరితే నేనే మిఠాయిలు పంచాను. ఆరు నెలలు తిరిగేసరికి ఖతార్‌లో ఆసియా కప్. ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, ఒక్క గోలు లేదు. అప్పటి నుంచే పేజీ పైన ఊరి పేరు రాయడం మొదలుపెట్టాను.

పిల్లలకు నువ్వు తప్పకుండా చెప్పవలసిన మనిషి ఒకరున్నారు, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. మనలాగే బడిపంతులు, భారత జట్టు కోచ్. 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో ఆయన జట్టు 10-1తో ఓడింది. మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ రోజు నీలాంటివాడు మెతుకు పట్టి చూసి ఉంటే కథ అక్కడితో సరి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ గారి జట్టు ఒలింపిక్స్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియాతో 0-2 ఓటమి. ఫైనల్లో మళ్లీ ఎదురైన అదే కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను వెనక ఆడించలేక ముందుకు పంపితే, ఫైనల్లో అతనే ఒక గోలు కొట్టాడు. మొదటి ఓటమికీ ఫైనల్‌కూ మధ్య కోచ్ ఏం మార్చాడన్నదే చూడవలసింది. ఖాలిద్ విషయంలోనూ నేను చూస్తున్నది అదే. ఐజాల్ లాంటి చిన్న క్లబ్బును 2017లో దేశవాళీ క్లబ్బుల పోటీ అయిన ఐ-లీగ్ విజేతగా నిలిపినవాడు. ఉన్న మనుషులతో నెట్టుకురావడం అతనికి తెలుసు. జాతీయ జట్టులో గెలుపు అందని మ్యాచ్ నుంచి ఏం నేర్చుకుంటాడో ఇంకా చూపించలేదు. ఈ రోజుకు నా తీర్పు ఇంతే. పెన్సిలుతో రాసుకున్నాను.

మరొక్క మాట. ఆ రాత్రి ఫోనులో గుర్‌ప్రీత్ గురించి నువ్వు అన్న మాట నాకు నచ్చలేదు. తజికిస్తాన్ పెనాల్టీ ఆపినవాడూ అతనే. ఆటను ఎంత కఠినంగానైనా విమర్శించు, మనిషిని మాత్రం తిట్టకు. పిల్లల ముందు అసలే వద్దు.

మార్చిలో మన గడ్డ మీద హాంకాంగ్‌తో మ్యాచ్ ఉంది. ఫలితంతో ఒరిగేదేమీ లేదు కాబట్టే దాన్ని శ్రద్ధగా చూడాలి. కోచ్ ఎవరిని నమ్ముతున్నాడో, కుర్రవాళ్లకు అవకాశం ఇస్తున్నాడో లేదో అలాంటప్పుడే బయటపడుతుంది. ఆ రోజుకు ఇక్కడికి వచ్చెయ్. మీ అత్త నీకోసం అరిసెలు చేస్తానంటోంది. నీకొక నోటు పుస్తకం కొని ఉంచాను.

ఈలోగా ఒక పని చేసిపెట్టు. ఢాకా మ్యాచ్ డెబ్బయ్యో నిమిషం దగ్గర మా ఇంటికి చుట్టాలు వచ్చారు. నా పేజీ అక్కడే ఆగిపోయింది. చివరి ఇరవై నిమిషాలు మళ్లీ చూసి, మనవాళ్లు బంతి ఎక్కడెక్కడ పోగొట్టుకున్నారో బొమ్మ మీద చుక్కలు పెట్టి పంపు.

నీ మేనమామ