వేసవి సెలవుల్లో పిల్లాణ్ణి ఊరి లైబ్రరీకి పంపొచ్చా? పంపండి, కానీ ముందు బీరువా చూడండి

నాలుగో తరగతి బాబు సెలవులిస్తే ఫోన్ వదలడు, ఆకివీడు దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో వేసవి శిబిరం పెడతారట, పంపితే ఉపయోగముంటుందా, బొమ్మలు వేసే మా ఆడపడుచు ఏమైనా సాయం చేయొచ్చా అని అడిగారు. నేను కోనసీమలో ఒక మండల కేంద్రంలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారినండి. పదవీ విరమణ అయిన దగ్గర్నుంచి మా గ్రంథాలయంలో వేసవి శిబిరం పెడితే కథల పూట నాదే. అక్కడ చూసింది చెబుతాను.

పంపండి. ఖర్చేమీ ఉండదు. బడులకు సెలవులిచ్చాక ఏప్రిల్ చివర్లో మొదలై, జూన్‌లో బడులు తెరిచే ముందు దాకా నడుస్తుంది. ఎండలకు భయపడి పొద్దున్నే పెడతారు. కథలు చెప్పడం, చదివించడం, చదరంగం, క్యారమ్స్, బొమ్మలు, క్విజ్, కాస్త స్పోకెన్ ఇంగ్లిష్, ఇలా ఉంటాయి. ఏది ఎంత బాగా జరుగుతుందన్నది ఆ ఊళ్లో ఎవరు వచ్చి చెబుతారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. చాలాచోట్ల లైబ్రేరియన్ ఒక్కరే. ఆ ఒక్కరే తలుపులు తీయాలి, పేపర్లు సర్దాలి, రిజిస్టర్ రాయాలి, మధ్యలో పిల్లల్ని ఆడించాలి. అందుకని గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి అంచనా వేయకండి.

నేనైతే బీరువా చూడమంటాను. పిల్లల పుస్తకాల బీరువాకు తాళం ఉందా, తీసి ఉందా? మా దగ్గర మొదట్లో తాళమే. పిల్లలు చింపేస్తారని, పోతే లెక్క చెప్పుకోవాలని భయం. ఆ భయం తప్పని నేననను, జవాబుదారీ లైబ్రేరియన్‌ది. నెమ్మదిగా మాట్లాడగా ఒక పద్ధతి కుదిరింది. శిబిరం జరిగే ఆ రెండు గంటలూ బీరువా బార్లా తీసి ఉంచడం, అయిపోయాక పెద్ద పిల్లలే వరసగా సర్ది లెక్క అప్పజెప్పడం. దాంతో చదరంగం బల్ల దగ్గర రద్దీ తగ్గి బీరువా దగ్గర పెరిగింది. పాత పిల్లల మాసపత్రికల బైండ్ల కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లంటే నమ్మండి.

రెండో సంగతి, బాబు పేరున సభ్యత్వం తీసుకోండి. కొద్దిపాటి డిపాజిట్ కట్టించుకుంటారు, మానేస్తే తిరిగిస్తారు. పుస్తకం వెనక అతికించిన చీటీ మీద తేదీ ముద్ర పడుతుంటే పిల్లల మొహాలు చూడాలి. ఒక బుడ్డోడు ఆ సిరా ఆరేదాకా ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ నిలబడేవాడు. శిబిరం అయిపోయాక కూడా వాణ్ణి మళ్లీ గ్రంథాలయానికి రప్పించేది ఆ తేదీయే. క్యారమ్స్ ఇంటి అరుగు మీదా ఆడుకోవచ్చు కదండీ.

నాలుగో తరగతి అన్నారు కాబట్టి ఒక మాట. వాడు గుణింతాల దగ్గర తడబడుతుంటే నలుగురిలో నిలబెట్టి పైకి చదవమని ఎవరైనా అంటే వద్దనండి. ఒక్కసారి నవ్వారంటే మర్నాటి నుంచి కడుపునొప్పి మొదలవుతుంది. అలాంటి పిల్లలకు నేను స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ నుంచి తెలుగు కథలు తెచ్చిస్తాను. ప్రథమ్ బుక్స్ వాళ్లది, ఉచితం, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. కథలు స్థాయిల వారీగా ఉంటాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే, మిగతాదంతా బొమ్మ. వయసు చూడకుండా అక్కడ మొదలుపెట్టండి. పుస్తకం ఆసాంతం తనే చదివానన్న ధీమా వస్తే తర్వాతది వాడే అడుగుతాడు.

ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటుంది. చిన్న ఊళ్లలో హాలు ఒక్కటే. పొద్దున పేపర్ కోసం వచ్చే పెద్దలు ఒక పక్క, డీఎస్సీకీ గ్రూప్స్‌కీ చదువుకునే కుర్రాళ్లు ఇంకో పక్క. మధ్యలో ముప్పై మంది పిల్లలు పొడుపు కథలకు అరుస్తుంటే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. మా ఊళ్లో ఒక పెద్దాయన పేపర్ బల్ల మీద కొట్టి, ఇది గ్రంథాలయమా సంతా అన్నారు. కోపం సబబే. తర్వాత అరుపుల కార్యక్రమాలన్నీ వరండాలోకి మార్చాం, లోపల చదువుకోవడం, బొమ్మలు మాత్రమే. పోటీ పరీక్షల కుర్రాళ్లలో ఇద్దరిని లెక్కల పొడుపులు చెప్పమని పిలిస్తే, వాళ్ల ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి.

అన్నింటికన్నా బాగా పండింది లిఖిత పత్రిక. అచ్చేమీ కాదండి, తెల్లకాగితాల మీద పిల్లలు చేత్తో రాసి కుట్టిన పుస్తకం. కోనసీమలో 1996 నవంబరు 6 తుపాను గుర్తులేని ఇల్లు ఉండదు. మీ ఇంట్లో పెద్దవాళ్లను ఆ రాత్రి గురించి అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురండి అన్నాం. మొదటి రోజు అందరూ పాఠ్యపుస్తకం భాషలో 'అపార నష్టం వాటిల్లినది' అని రాసుకొచ్చారు. ఇలా కాదు, నానమ్మ ఎక్కడ కూర్చుంది, ఏం పట్టుకుంది, ఏం తిన్నారు, అవి అడగమన్నాను. మర్నాడు ఒక ఆరో తరగతి అమ్మాయి రాసిన ముక్క ఇది: "గాలి కొట్టినప్పుడు కంటే ఆగినప్పుడు భయమేసిందంట. మా నానమ్మ బియ్యం డబ్బా మీద కూర్చుని దిగనందంట." తుపాను కన్ను పైనుంచి పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొడుతుందని అప్పుడు బోర్డు మీద గీసి చెప్పాం. ఆ పత్రిక ఇప్పుడు గ్రంథాలయంలోనే ఉంది, పేపర్ చదివే పెద్దలు కూడా అడిగి తీసుకుంటున్నారు. బల్ల మీద కొట్టినాయన తన కొబ్బరితోట సంగతి రాయలేదని అలిగారు కూడా. మీ వైపైతే కొల్లేరు ఉంది, చేపల చెరువులు రాకముందు ఆ పొలాల్లో ఏముండేదో అడిగించండి. తరగని సరుకు.

కుదిరితే ఒక పూట బయటికి తీసుకెళ్లమనండి. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కదా, మేం ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకు, అంటే కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల దగ్గరికి, తీసుకెళ్లాం. నీళ్లు లేనప్పుడే ఆ తలుపులు అడుగుదాకా కనిపిస్తాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి ముందు రోజు చదివించి తీసుకెళ్లడం వల్ల ప్రశ్నలు మాకే ఊపిరాడనివ్వలేదు. మీకు భీమవరం దగ్గరే కాబట్టి కుముదవల్లి చూపించొచ్చు. 1897లో ఒక పల్లెటూళ్లో పెట్టిన వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం అది. దూరమైనా ఫరవాలేదంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాటాకు గ్రంథాలున్నాయి. మన పిల్లలు తాటాకు మీద ముంజలు తినడమే ఎరుగుదురు.

ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మీ ఇంటి పన్ను రసీదు తీయండి, గ్రంథాలయ పన్ను అని ఒక వరస కనబడుతుంది. గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది, దాని కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు మీరు కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన పంచాయతీలూ మున్సిపాలిటీలూ ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల బకాయిలుంటాయి, అందుకే లైబ్రేరియన్‌ని డ్రాయింగ్ షీట్లు అడిగితే తల గోక్కుంటారు. ఆయన మీద విసుక్కోకుండా పంచాయతీలో అడగండి.

మీ ఆడపడుచుగారి సంగతి. తప్పకుండా చేయొచ్చు, సర్టిఫికెట్లేమీ అడగరు. శిబిరం మొదలయ్యాక కాకుండా ఏప్రిల్ రెండో వారంలోనే వెళ్లి లైబ్రేరియన్‌తో మాట్లాడమనండి, పట్టిక అప్పుడే వేసుకుంటారు. రోజూ వస్తానని ఒప్పుకోవద్దు. వారానికి రెండు పూటలు చాలు, చెప్పిన రోజు మాత్రం తప్పకూడదు, పిల్లలు గేటు దగ్గరే కాచుకుని ఉంటారు. బోర్డు మీద గీసి చూసి వేయమనడం కన్నా, ముందు కథ చదివి, అందులో పుస్తకంలో లేని బొమ్మ వేయించమనండి. క్రేయాన్లు పొడవువి కొంటే రెండు రోజుల్లో విరిచేస్తారు, పొట్టివి, లావువి కొనండి. అన్నట్టు శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు, ఆ రోజు మాత్రం ఎండన పడి వెళ్లకండి.