పోటీ నిబంధనలు రాసే పని కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. రెండేళ్లుగా షూటింగ్ క్లబ్‌కు వెళ్తోంది. మామూలు వేట రైఫిల్ ఉన్నవాళ్లు కూడా టార్గెట్ షూటింగ్‌లో పాల్గొనేలా క్లబ్ వాళ్లు కొత్త విభాగం పెడుతున్నారు. అందులోకి ఎలాంటి రైఫిల్‌ను అనుమతించాలో నిబంధనలు రాసే పని మా అమ్మాయికి అప్పగించారు. నెల రోజులుగా ఆమెకు అదే లోకం. బరువులు, ట్రిగ్గర్లు, కొలతలు అంటూ నోట్‌బుక్కులు నింపుతోంది. ఇలాంటి పనే వృత్తిగా చేసుకుంటానంటోంది. దీనికి భవిష్యత్తు ఉందా? చదువు పాడవుతుందేమోనని మా భయం.
- ఒక తండ్రి

జవాబు: ముందు మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాను. షూటింగ్ పోటీల్లో పరికరాల తనిఖీ అధికారిగా మాత్రమే ఉండి ఇల్లు గడుపుకోవడం కష్టం. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమందికి దక్కేది ప్రయాణ ఖర్చు, బస, కొద్దిపాటి గౌరవ వేతనం. కానీ ఆ పనికి కావలసిన నైపుణ్యం ఉన్నవాళ్లకు జీతం వచ్చే ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. వాటికి మీ అమ్మాయి చదువుతున్న ఇంజినీరింగే దారి. కాబట్టి డిగ్రీ ఆపకూడదు, ఈ పనీ ఆపించవద్దు. రెండూ కలిసి నడవాలి.

అధికారి కావాలన్న కోరిక ఉంటే దారి ఇలా ఉంటుంది. క్లబ్ స్థాయి పోటీల్లో తనిఖీ బల్ల దగ్గర సహాయకురాలిగా మొదలుపెట్టాలి. తరవాత జాతీయ సమాఖ్య శిక్షణ, పరీక్ష. ఆ పైన అంతర్జాతీయ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ న్యాయనిర్ణేతలకు బి, ఎ అని రెండు స్థాయిల్లో లైసెన్సులు ఇస్తుంది. మొదట బి, తగిన అనుభవం వచ్చాక ఎ. దరఖాస్తు జాతీయ సమాఖ్య ద్వారానే వెళ్లాలి. ఏళ్లు పట్టే ప్రయాణం ఇది, ఉద్యోగం చేసుకుంటూ సాగించేది.

జీతం వచ్చే వైపు చూద్దాం. ఏ క్రీడలోనైనా పరికరానికి హద్దు గీసేవాళ్లు, ఆ హద్దును కొలిచేవాళ్లు కావాలి. పోటీ సైకిల్ 6.8 కిలోల కన్నా తేలికగా ఉండకూడదని సైక్లింగ్ సమాఖ్య నియమం. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు. పాలీయురేథేన్ ఈత దుస్తులతో రికార్డులు వరసగా బద్దలయ్యాక 2010 నుంచి వాటిని నిషేధించారు. ఇలాంటి ప్రతి అంకె వెనకా ప్రయోగశాలలు, పరీక్షలు చేసే ఇంజినీర్లు ఉంటారు. తుపాకుల రంగంలోనే తూటాల కొలతలు, పీడనాల ప్రమాణాలు నిర్ణయించే సంస్థలున్నాయి. యూరప్‌లో సీఐపీ 1914లో, అమెరికాలో సామీ 1926లో ఏర్పడ్డాయి. క్రీడలు దాటి బయటికి వస్తే కాలిబ్రేషన్ ప్రయోగశాలలు, నాణ్యత తనిఖీ, ఉత్పత్తుల ధ్రువీకరణ, ప్రమాణాల రచన వంటివి ఎన్నో ఉన్నాయి. పరీక్షా ప్రయోగశాలలకు వర్తించే ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణాన్ని ఈ సెలవుల్లో చదవమనండి. తాను నోట్‌బుక్కులో రాసుకుంటున్న సందేహాలు చాలా వరకు అందులో కనిపిస్తాయి.

ఇక్కడి నుంచి అమ్మాయితో మాట్లాడతాను. ఈ భాగం ఆమెకు ఇవ్వండి.

అమ్మా, నువ్వు రాసే నిబంధనల మొదటి వాక్యంలో అంకె ఉండకూడదు. ఈ విభాగం ఎవరి కోసమో ఉండాలి. 'అడవిలో భుజాన వేసుకుని తిరగగలిగే రైఫిల్‌ను, పెద్దగా మార్పులు చేయకుండా తెచ్చి పోటీ పడగలగాలి' అని నీ మాటల్లో రాసుకో. తరవాత వచ్చే ప్రతి నియమాన్నీ ఆ వాక్యం పక్కన పెట్టి చూడు. దానికి పనికిరాని నియమం ఎంత అందంగా ఉన్నా కొట్టేయి.

అంకె దగ్గరికి వచ్చేముందు కొలవాలి. క్లబ్ సభ్యుల దగ్గర ఉన్న వేట రైఫిళ్లలో ఒక నలభై ఎంచుకో. స్కోప్‌తో కలిపి బరువు, ట్రిగ్గర్ బరువు (అంటే దాన్ని లాగి పేల్చడానికి కావలసిన బలం), బ్యారెల్ పొడవు, మూతి దగ్గర దాని మందం, బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క వెడల్పు, మ్యాగజైన్‌లో పట్టే తూటాల సంఖ్య రాసి పట్టిక వేయి. కొలతలన్నీ రేంజ్‌లోనే, బాధ్యుడైన అధికారి ముందే జరగాలి. రైఫిల్ ఏదీ ఇంటికి తేవద్దు. చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే సాధారణ వేట రైఫిల్ స్కోప్‌తో కలిపి మూడున్నర, నాలుగు కిలోల మధ్య తూగుతుంది. నీ పట్టికలోని రైఫిళ్లలో పదింట తొమ్మిది లోపలికి వచ్చేలా హద్దు గీయి. బీరువాలో ఉన్న రైఫిల్‌తో రాలేని విభాగానికి వేట రైఫిల్ విభాగమన్న పేరు తగదు.

ఇప్పటికే ఉన్న నిబంధనలు చూడు. మెక్సికోలో పుట్టిన లోహపు బొమ్మల షూటింగ్‌లో నిలబడి, ఆసరా లేకుండా, 200 మీటర్ల దూరంలో కోడిని, 300లో పందిని, 385లో టర్కీని, 500లో పొట్టేలును పడగొట్టాలి. అమెరికాలో పెద్ద తూటాల రైఫిళ్లతో జరిగే ఈ పోటీల్లో వేట రైఫిల్‌కు విడిగా ఒక విభాగం ఉంది. స్కోప్‌తో కలిపి 9 పౌండ్లు, అంటే సుమారు 4.08 కిలోలు దాటకూడదు. ట్రిగ్గర్ 2 పౌండ్ల కన్నా, అంటే దాదాపు 907 గ్రాముల కన్నా తేలికగా ఉండకూడదు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు గరిష్ఠ బరువు 5.5 కిలోలు, ట్రిగ్గర్ కనీసం 1,500 గ్రాములు. ఈ అంకెలను కాపీ కొట్టమని చెప్పడం లేదు. ఏ క్రీడలోనైనా మొదట బిగించే రెండు మేకులు బరువు, ట్రిగ్గర్ అని గమనించమంటున్నాను. బరువైన రైఫిల్ చేతుల్లో తక్కువ ఊగుతుంది, పేలినప్పుడు తక్కువ తంతుంది. తేలిక ట్రిగ్గర్ గురి కదలకముందే తూటాను వదులుతుంది. ఈ రెండింటికీ హద్దు లేకపోతే డబ్బున్నవాడి రైఫిల్ ఏటేటా బరువెక్కుతుంది, అతని ట్రిగ్గర్ ఏటేటా తేలికవుతుంది.

హెచ్చరికగా ఇంకో ఉదాహరణ. అదే అమెరికాలో, రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో హంటర్ అనే విభాగం పెట్టారు. రైఫిల్ 10 పౌండ్లు మించకూడదు, స్కోప్ ఆరు రెట్లకు మించి చూపించకూడదు, కనీసం రెండు తూటాలు పట్టే మ్యాగజైన్ ఉండాలి, తూటా గుల్ల లోపలి పరిమాణం థర్టీ-థర్టీ అనే పాత వేట తూటాకు తగ్గకూడదు. చదివితే వేటగాడి రైఫిల్ కళ్లముందు కదులుతుంది. కానీ పోటీదారులు గేజ్ చేతిలో పట్టుకుని నిబంధనలు చదువుతారు. ఆ కనీస పరిమాణానికి సరిగ్గా సరిపోయేలా ప్రత్యేకంగా గుల్లలు తయారుచేసుకున్నారు. ఆరు రెట్ల స్కోప్, పది పౌండ్ల బరువు అన్నీ పాటిస్తూనే పోటీ కోసమే చెక్కించిన రైఫిళ్లు వచ్చాయి. అడవికి తీసుకెళ్లే రైఫిల్‌తో వచ్చినవాడికి అక్కడ గెలిచే అవకాశం పోయింది. వాళ్లను నేను తప్పుపట్టను. నియమం ఏం రాసిందో అదే చేశారు. నువ్వు రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలా చదివేవాళ్లు ఉంటారని తెలిసే రాయాలి.

అందుకే 'ఫ్యాక్టరీలో తయారైన వేట రైఫిల్ మాత్రమే' అన్న వాక్యాన్ని నమ్ముకోవద్దు. లావు బ్యారెల్ ఉన్న టార్గెట్ రైఫిళ్లు కూడా ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. మరోవైపు, తాత వాడిన రైఫిల్‌కు బ్యారెల్ అరిగిపోయి కొత్తది వేయించుకున్నవాడు ఆ వాక్యం వల్ల బయట పడతాడు. రైఫిల్ పుట్టుపూర్వోత్తరాలు తనిఖీ బల్ల మీద తేలవు. బ్యారెల్ మూతి మందం ఎంత ఉండవచ్చో మిల్లీమీటర్లలో రాస్తే, మందం కొలిచే కాలిపర్ చెబుతుంది.

పరికరాల నియమాలు, పోటీ జరిగే తీరు విడివిడిగా రాయవద్దు. చాలామంది పొరపడేది ఇక్కడే. సన్నటి వేట బ్యారెల్ వరసగా కాలిస్తే వేడెక్కి తూటాను పక్కకు పంపుతుంది. ఇరవై తూటాలు ఏకబిగిన కాల్చమంటే నువ్వెన్ని బరువు హద్దులు పెట్టినా లావు బ్యారెల్‌దే గెలుపు. లోహపు బొమ్మల పోటీలో ఐదు తూటాలకు రెండున్నర నిమిషాలిచ్చి ఆపుతారు. అలా చిన్న విడతలుగా కాల్పించి, మధ్యలో చల్లారే సమయం ఇస్తే సన్నటి బ్యారెల్ కూడా నిలబడుతుంది. స్కోప్ సంగతీ అంతే. బల్ల మీద ఆనించి కాల్చే పోటీలో ఎక్కువ రెట్లు చూపించే స్కోప్ లాభమే. నిలబడి కాల్చే పోటీలో అది చేతి వణుకునే పెద్దది చేసి చూపిస్తుంది. నీ పోటీ నిలబడి కాల్చేదైతే స్కోప్ హద్దు గురించి తల పట్టుకోనక్కర్లేదు. తన్ను తగ్గించడానికి బ్యారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్ మాత్రం వద్దనే అంటాను. అది పక్కకు తోసే గాలి, శబ్దం పక్కవాడి చెవుల మీదే పడతాయి.

ఇప్పుడు ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. 'రైఫిల్ బరువు స్కోప్‌తో సహా 4.10 కిలోలు' అని రాశావనుకో. తూచేటప్పుడు స్లింగ్, అంటే భుజానికి వేసుకునే పట్టీ, ఉండాలా? మ్యాగజైన్ ఖాళీదా, నిండినదా? సరిగ్గా 4.10 తూగితే లోపలా, బయటా? ఈ మూడు ప్రశ్నలూ పోటీ రోజు పొద్దున్నే బల్ల దగ్గర గొడవగా వస్తాయి. 'బోల్ట్, ఖాళీ మ్యాగజైన్, స్కోప్, దాని మౌంట్లు కలిపి, స్లింగ్ తీసి తూచినప్పుడు 4.10 కిలోలు మించరాదు' అని రాస్తే గొడవ ఉండదు. కొన్ని గ్రాముల మినహాయింపు ఇద్దామన్న ఆలోచన రావచ్చు. ఇవ్వకు. ఇచ్చిన రోజు నుంచి ఆ మినహాయింపే కొత్త హద్దవుతుంది. దానికి బదులు పోటీలో వాడే త్రాసునే ముందు రోజు అందరికీ అందుబాటులో పెట్టు, పక్కన ధ్రువీకరించిన తూకం రాయి ఉంచు.

ట్రిగ్గర్ గురించి నా అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక పోటీలో తనిఖీ బల్ల దగ్గర సహాయకుడిగా కూర్చున్నాను. అక్కడ వాడింది స్ప్రింగ్ గేజ్, అంటే కొక్కెంతో ట్రిగ్గర్‌ను లాగి బలాన్ని అంకెగా చూపే పరికరం. ఒక కుర్రవాడి రైఫిల్‌ను మూడుసార్లు చూస్తే మూడు అంకెలు వచ్చాయి. రెండు కనీస హద్దుకు పైన, ఒకటి కింద. బాధ్యుడు కింద ఉన్నదాన్నే పట్టుకుని రైఫిల్‌ను తిరస్కరించాడు. కుర్రవాడు ఒక్క మాట అనకుండా రైఫిల్‌ను పెట్టెలో సర్దుకున్నాడు. మర్నాడు తూకం రాయితో చూస్తే ఆ ట్రిగ్గర్ హద్దు దాటి బాగానే ఉంది. అప్పటికి అతని వరస అయిపోయింది. ఆ రోజు నేను నోరు విప్పలేదు. అది ఇప్పటికీ బాధిస్తుంది. స్ప్రింగ్ గేజ్ అంకె లాగే వేగాన్ని బట్టి, కోణాన్ని బట్టి, ట్రిగ్గర్ మీద కొక్కెం ఎక్కడ ఆనిందన్నదాన్ని బట్టి మారుతుంది.

తూకం రాయి పద్ధతి నేర్చుకో. బోల్ట్ తెరిచి రైఫిల్ ఖాళీ అని ఇద్దరు చూడాలి. మళ్లీ మూసి, మూతి నిటారుగా పైకి పెట్టాలి. కనీస హద్దుకు సమానమైన బరువున్న రాయిని బల్ల మీద పెట్టి, దాని కొక్కేన్ని ట్రిగ్గర్ వంపు మధ్యలో తగిలించి రైఫిల్‌ను మెల్లగా పైకెత్తాలి. రాయి బల్లను వదులుతుంది, గాలిలో ఒక్క క్షణం ఆగుతుంది. ట్రిగ్గర్ వదిలి టక్కుమనకపోతే అది సరైనదే. ఇందులో అంకె చదివే పని లేదు, రాయి లేచిందా లేదా అన్నదే. ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో కూడా నిబంధనలోనే రాసిపెట్టు. ఆ తరవాత బోల్ట్‌ను గట్టిగా మూసి, రైఫిల్ వెనక కొసను (బట్‌ను) రబ్బరు చాప మీద తట్టి చూడు. అప్పుడు టక్కుమంటే, రాయి పరీక్షలో నెగ్గినా ఆ రైఫిల్ ఫైరింగ్ లైన్ మీదికి రాకూడదు.

ఇంకొక విషయం మొహమాటం లేకుండా అడుగుతున్నాను. నువ్వూ ఈ విభాగంలో పోటీ చేస్తావా? చేస్తే నీ రైఫిల్ కొలతలు పట్టికలో మొదటి వరసలో పెట్టి, అది నాదని రాయి. హద్దులు ఖరారు చేసే ఓటు వేరేవాళ్లకు వదులు. తనిఖీ బల్ల దగ్గర, ఫైరింగ్ లైన్ మీద ఒకే రోజు ఉండకూడదు. నిబంధనల మార్పులు ఏడాదికి ఒక్కసారి, సీజన్ మొదలవడానికి చాలా ముందే ప్రకటించాలని కూడా రాయి. మధ్యలో మార్చే నియమం నిన్న బ్యారెల్ మార్పించుకున్నవాణ్ని నిలువునా ముంచుతుంది.

మళ్లీ మీతో, తండ్రిగారూ. ఆమె రాసిన ప్రతి ముసాయిదానూ, ఏ వాక్యాన్ని ఎందుకు మార్చిందో కారణంతో సహా, తేదీ వేసి దాచమనండి. రేపు నాణ్యత విభాగంలోనో, పరీక్షా ప్రయోగశాలలోనో ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు 'కొలతల్లో అనుభవం ఉందా' అని అడిగితే, మార్కుల జాబితా కన్నా ముందు ఆ ఫైలు బల్ల మీద పెట్టవచ్చు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు కూడా ఇదే అంశం తీసుకోవచ్చు. స్ప్రింగ్ గేజ్‌కూ తూకం రాయికీ ఫలితాల్లో తేడా ఎంత వస్తుందో, పదిమంది చేత కొలిపించి లెక్క తేల్చడం మంచి ప్రాజెక్టు. గైడ్‌గా ఉండే అధ్యాపకులతో ఈ సెమిస్టర్‌లోనే మాట్లాడమనండి. పరీక్షల సమయంలో క్లబ్ పనికి మూడు వారాలు విరామం తీసుకోమని నేను చెప్పానని చెప్పండి, వింటుంది. నలభై రైఫిళ్ల పట్టిక పూర్తయ్యాక నాకూ ఒక ప్రతి పంపమనండి. ట్రిగ్గర్ బరువుల వరస చూడాలని ఉంది.