‘చూద్దాం’ అంటే కొంటానన్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి పదకొండేళ్లు. అమ్మాయి సైకిల్ అడిగితే ‘చూద్దాంలే’ అన్నాను. రెండు రోజుల తరువాత బంధువుల ఎదుట ‘అమ్మ సైకిల్ కొంటానంది’ అని చెప్పింది. అలా అనలేదంటే, అబద్ధమాడుతున్నానని ఏడ్చింది. అబ్బాయి మాత్రం అదే మాట వినగానే ‘కొనవన్నమాట’ అంటూ మూతి ముడుచుకొని వెళ్లిపోతాడు. ఒకే మాట ఇద్దరికీ ఇలా ఎందుకు వినిపిస్తోంది?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: ఇద్దరూ సరిగానే విన్నారు. చందా అడిగినవారి నుంచి పెళ్లి సంబంధం తెచ్చినవారి దాకా, కాదనడానికి మొగమాటపడిన చోటల్లా పెద్దలం ‘చూద్దాం’ అంటాము. అయితే ఆ మాటలో నిరాకరణ ఎక్కడా లేదు. పైగా ‘చూస్తాను’ అనక ‘చూద్దాం’ అనడంలో ఎదుటివారూ కలిసి ఉంటారు కనుక, అమ్మా తనూ దుకాణానికి వెళ్లి చూస్తారని ఏడేళ్ల పిల్ల అనుకోవడంలో వింత లేదు. మీ అబ్బాయి, ఇంతకు ముందు మీరు ఆ మాట అన్నాక ఏం జరిగిందో గుర్తుపెట్టుకున్నాడు.

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 3 నుంచి 5 ఏళ్ల వయసున్న 28 మంది పిల్లలతో చేసి, 2013లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ ప్రస్తావించదగినది. మంచి రంగులు, స్టిక్కర్లు తెస్తామని చెప్పి సగం మందికి తెచ్చి ఇచ్చారు. మిగిలినవారికి అదే మాట చెప్పి, తీరా లేవన్నారు. ఆ తరువాత ఒక్కొక్కరి ముందు ఒక మిఠాయి పెట్టి, తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్నవారిని నమ్మి పిల్లలు సగటున సుమారు 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవారి దగ్గర ఆగింది సుమారు 3 నిమిషాలే. ఓపిక లేదని మనం పిల్లలను కోప్పడే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఇదే కావచ్చు.

‘రేపు’ అన్న మాటకూ ఇదే గతి. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం రోజూ నమ్మి తిరిగి వెళ్లిందేమో గానీ, పిల్లలు అన్నాళ్లు నమ్మరు.

డబ్బు ఇబ్బంది ఉంటే ఆ మాటే చెప్పండి. ఏడేళ్ల పిల్లకు అది అర్థమవుతుంది. తరువాత కొనే ఉద్దేశం నిజంగా ఉంటే, నెల పేరు చెప్పి క్యాలెండర్‌లో ఆమె చేతనే గుర్తు పెట్టించండి. ఒకసారి కాదన్నాక, ఏడుపు భరించలేక కొనకండి. అప్పుడప్పుడు మాత్రమే ఫలించే ఏడుపు మానడం మరీ కష్టం. ‘కాదు’ అంటే ఇంకాసేపు ఏడవమని అర్థం చేసుకుంటారు. ‘నాన్నగారిని అడుగు’ అని పంపే ముందు, ఆయనతో మీరే మాట్లాడి ఉండాలి.

ఈ సాయంత్రం అమ్మాయిని కూర్చోబెట్టుకొని, తాను అబద్ధం చెప్పలేదని, మీరే స్పష్టంగా చెప్పలేదని ఒప్పుకొని, సైకిల్ కొంటారో కొనరో చెప్పండి. అబ్బాయిని కూడా పక్కనే ఉండనివ్వండి.