లాస్ వేగాస్‌లో పిరమిడ్ హోటల్ లోపల ఈజిప్ట్ ఎందుకు కనిపించదు?

ఆ పిరమిడ్ హోటల్ పేరు లక్సర్. 1993 అక్టోబర్‌లో సర్కస్ సర్కస్ కంపెనీ వాళ్లు దాదాపు 37.5 కోట్ల డాలర్లు పెట్టి ఓపెన్ చేశారు, అప్పట్లో వేగాస్ అంటే జూదమే కాదు పిల్లాజెల్లాతో కూడా రావచ్చు అని చూపించాలని అందరూ థీమ్ హోటళ్లు కడుతున్నారు, అందుకే లోపల నైలు నది పేరుతో పడవ షికారు, ప్రాచీన ఈజిప్ట్ రాజు టుటన్‌ఖామన్ సమాధి నమూనాతో మ్యూజియం కూడా పెట్టారు.

బిల్డింగ్ మాత్రం నిజంగా అద్భుతం అండి. 30 అంతస్తులు, గోడలే ఏటవాలు కాబట్టి లిఫ్ట్ నిటారుగా వెళ్లదు, 39 డిగ్రీల వాలులో మూల వెంబడి పక్కకి జరుగుతూ పైకెళ్తుంది. శిఖరం మీద చాలా శక్తిమంతమైన జెనాన్ దీపాలు రాత్రిళ్లు ఆకాశంలోకి వెలుగు కొడతాయి, ఆ వెలుగుకి పురుగులు, వాటి కోసం గబ్బిలాలు కూడా వస్తాయి.

ఇక అసలు విషయం. పడవలు 1990లలోనే తీసేశారు. 2005లో హోటల్ ఎంజీఎం అనే కాసినో కంపెనీ చేతికొచ్చింది, కుర్రాళ్లు, పార్టీలకొచ్చేవాళ్లు కావాలనుకుని 2007లో ఈజిప్ట్ థీమ్ చాలావరకు పీకేస్తామని ప్రకటించి క్లబ్బులు, లాంజ్‌లు పెట్టారు. మ్యూజియం కూడా తర్వాత పోయింది. పిరమిడ్ ఆకారం మార్చలేరు కదా, అందుకే బయట పిరమిడ్, స్ఫింక్స్ (సింహం ఒళ్లు, మనిషి తల ఉన్న విగ్రహం) అలాగే ఉన్నాయి, లోపలేమో చాలావరకు మామూలు కాసినో. నాకైతే ఇది చాలా పెద్ద నష్టం అనిపిస్తుంది, అంత వింత బిల్డింగ్‌కి ఆ కథే ప్రాణం.