గృహ లక్షణాలా, కుటుంబ స్థితిగతులా?

సందేహం: 'ప్రాంతీయ పేదరికంపై సంస్థలు, గృహ లక్షణాల ప్రభావం' అనే వ్యాసం చదివాను. గృహ లక్షణాలంటే గోడలు, పైకప్పు అనుకున్నాను. తీరా చూస్తే తల్లి చదువు, సొంత భూమి గురించి ఉంది. 'కుటుంబ' అనకూడదా? 'సంస్థలు' అన్నచోట జమీందారీ గురించి రాశారు. అది సరేనా?

సమాధానం: మీ అనుమానం సబబే. గృహప్రవేశం, గృహనిర్మాణం, గృహరుణం - ఇప్పటి వాడుకలో గృహం అంటే ముందు కట్టడమే తోస్తుంది. గృహస్థు, గృహిణి వంటి మాటల్లో సంసారమనే అర్థం ఉన్నా, అది వాటికే పరిమితం.

కుటుంబమంటే రక్తసంబంధులే కదా అని కొందరి అభ్యంతరం. జనగణనలో మాత్రం మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్లంతా ఒక కుటుంబం. బంధుత్వం ఉండి తీరాలని లేదు. ఈ ఊహ మనకు కొత్తా? అన్నదమ్ములు ఒకే లోగిట్లో ఉన్నా, వంటలు వేరైతే 'వేరు కుంపటి పెట్టారు' అంటాం. నిశ్చింతగా కుటుంబం అనండి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది 'లక్షణాలు'. జ్వర లక్షణాలంటాం, పుట్టుకతో వచ్చిన లక్షణమంటాం. పేదింటికి ఆ మాట తగిలిస్తే లోపమంతా ఆ ఇంటివాళ్లదే అని ధ్వనిస్తుంది. సంపాదించేవాళ్లెందరు, వాళ్లమీద ఆధారపడ్డవాళ్లెందరు, సెంటు భూమైనా ఉందా - ఇవన్నీ మారేవి, మార్చదగ్గవి. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీలోని 12 అంశాలూ అలాంటివే: పోషకాహారం, బడి చదువు, తాగునీరు, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా వగైరా. స్థితిగతులు అంటే న్యాయంగా ఉంటుంది.

ఇక 'సంస్థలు'. సంస్థ అనగానే సభ్యులు, కార్యాలయం మనసులో మెదులుతాయి. జమీందారీ అలాంటిది కాదు. భూమిపై హక్కెవరిది, శిస్తు వసూలు చేసేదెవరు అని తేల్చిన ఏర్పాటు. దాన్ని వ్యవస్థ అనాలి. ఉత్తర సర్కారుల్లో (నేటి కోస్తా ప్రాంతం) 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది, అంటే జమీందారు కట్టాల్సిన శిస్తును మార్పు లేకుండా ఖరారు చేశారు. దత్తమండలాల్లో (నేటి రాయలసీమ ప్రాంతం) బ్రిటిష్ అధికారి మన్రో రైత్వారీకి, అంటే రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతికి, పునాది వేశాడు. బ్రిటిష్ ఏలుబడిలో భూస్వాముల చేతికి శిస్తు అప్పగించిన జిల్లాలు స్వాతంత్ర్యం తరవాత కూడా దిగుబడిలో, సాగు పెట్టుబడిలో వెనకబడ్డాయని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో దేశవ్యాప్త లెక్కలతో చూపారు. మద్రాసు రాష్ట్రం 1948లోనే జమీందారీల రద్దుకు చట్టం చేసింది. జమీందారీ పోయినా దాని జాడ మిగిలిందని చెప్పడానికి 'వ్యవస్థ' ఒప్పుతుంది, 'సంస్థ' చాలదు. (రైత్వారీ ఉంటే చాలు, బాగుపడినట్టే అని కాదు, వాన చాలని అనంతపురం ఎదురుగా ఉంది.)

బ్యాంకులు, డ్వాక్రా సంఘాల గురించి కూడా రాస్తే 'సంస్థలు, వ్యవస్థలు' అని రెండూ ఉంచవచ్చు. లేకుంటే 'పేదరికం: వ్యవస్థలు, కుటుంబ స్థితిగతులు' అన్న శీర్షిక సరిపోతుంది.